మా ఊరి సినిమాకు విలన్ దొరకలేదు

సినిమా కథ రాయడం నేర్పే పుస్తకాలు రెండు కొన్నాను. మొదటి పాఠం దాటకముందే ఒకటి నాతో కొట్లాట పెట్టుకుంది. కథలో చెడ్డవాడెవరో ముందు తేల్చుకో, తర్వాతే కలం పట్టు అని ఉంది అందులో. చెడ్డవాడెవరో నాకు తెలిస్తే సినిమా ఎందుకు రాస్తాను? వాడింటి ముందర నిలబడి కడుపునిండా తిట్టి, బస్సెక్కి వచ్చేసేదాన్ని.

నేను తేల్చుకోవాల్సింది ఒక్కటే. పోలీసు యాక్షన్ అయినాక మిల్ట్రీ మా ఊళ్లో దిగిన రోజుల్లో, మా బావను వాళ్లకు పట్టించింది ఎవరు? ఊరు దీనికి ఎప్పుడో జవాబు చెప్పేసుకుంది. మా అక్కే పట్టించిందట. కట్టుకున్న పెళ్లామే మిల్ట్రీ దిగిన దొర గడీకి పోయి మొగుడి జాడ చెప్పి వచ్చిందట. ఆ మాట ఆమె మొహం మీద ఎవరూ అనలేదు. అనకుండానే యాభై ఏళ్లు అన్నారు.

ఎట్లా అంటే, అక్క బావి దగ్గరికి వస్తే అక్కడి మాటలు ఆగిపోయేవి. "ఊకోండ్రే, మిల్ట్రీ వొచ్చింది" అని ఒకామె గొంతు తగ్గించి అనేది. మిగిలినవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆ పేరే నిలిచిపోయింది. తర్వాత పుట్టిన పిల్లలకు ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా తెలియదు. మిల్ట్రీ అవ్వ ఇల్లు, మిల్ట్రీ అవ్వ మేకలు అని జాగాలకు గుర్తుగా వాడుకునేవాళ్లు. అక్క కూడా ఆ పేరుకు పలికేది. నాకు ఒళ్లు మండేది ఆ పలకడం చూసే.

మాది రామన్నపేట దగ్గర ఊరు. మా బాపు దొర గడీలో వెట్టి చేసేవాడు. అక్క నాకంటే చాలా పెద్దది. చిన్నప్పుడే ఆమెను గడీలో పనికి పెట్టుకున్నారు. పండక్కి కూడా ఇంటికి పంపేవాళ్లు కాదు. ఎర్రజెండా సంఘం వచ్చి, వెట్టి చెయ్యం అని ఊరు ఎదురు తిరిగినప్పుడు దొర పట్నం పారిపోయాడు. అప్పుడు అక్క ఇంటికి వచ్చింది. సంఘంలో తిరిగే మా బావతో ఆమె పెళ్లయింది. పంతులు లేడు, మేళం లేదు. జెండా కింద నిలబడి దండలు మార్చుకున్నారు, ఒకాయన ఉపన్యాసం చెప్పాడు, అందరికీ బెల్లం పంచారు. ఆ బెల్లం తప్ప ఆ పెళ్లిలో నాకేమీ గుర్తు లేదు.

పోలీసు యాక్షన్ అంటే మొదట జనం సంబరపడ్డారు. మిల్ట్రీ లారీలకు ఎదురుపోయి దండలేసినవాళ్లలో మా బాపు కూడా ఉన్నాడు. కొన్నాళ్లకే ఆ లారీల వెనక దొర తిరిగి వచ్చాడు. గడీలోనే మిల్ట్రీ క్యాంపు పడింది. సంఘంలో తిరిగిన మగవాళ్ల కోసం వెతుకులాట మొదలైంది. బావ ఊరు విడిచి అడవి పట్టాడు. ఇంట్లో అలజడి చూసి మా అమ్మ నన్ను మేనమామ ఊరికి పంపేసింది. నేను తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. బావ మధ్యలో ఒకసారి ఊళ్లోకి వచ్చాడు, దొరికిపోయాడు, లారీలో ఎక్కించుకుపోయి వాగు దాటినాక కాల్చేశారు. శవం ఇవ్వలేదు. ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే మాట. "నీకెందుకె, ఊకో." బాపు ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

ఇదంతా మరిచిపోయి బతికేదాన్నే. కానీ మా ఊరి చౌరస్తాలో బావ పేరు మీద స్థూపం కట్టారు. ఎర్ర రంగు వేసి, పైన చుక్క గుర్తు పెట్టారు. ఆవిష్కరణ రోజు మైకు పెట్టి ఆయన గురించి పొద్దెక్కేదాకా మాట్లాడారు. ఆయనకు ఒక భార్య ఉంది, ఆమె ఇంకా బతికే ఉంది అని ఒక్కడు అనలేదు. ఆమె జనం వెనక కొంగు తల మీద వేసుకుని నిలబడి ఉంది. నేను ఆమెను ముందుకు తోశాను.

"ఒద్దె, ఇడిసిపెట్టు" అంది.

"నీ మొగని పేరే గది. నువ్వు ఎన్క నిలబడుడేంది?"

"ఎన్క నిలబడ్డా ఇనబడతాంది తియ్యి."

ఆరోజే అనుకున్నాను, దీన్ని సినిమాగా రాయాలని. పుస్తకం రాస్తే మా ఊళ్లో ఎవరు చదువుతారు? సినిమా అయితే బావి దగ్గర కొంగులడ్డం పెట్టుకున్నవాళ్లూ చూస్తారు, వాళ్ల కోడళ్లూ చూస్తారు.

సినిమా నాకు కొత్తదేం కాదు. భువనగిరిలో ఒక హాలులో మా ఆయన రీళ్లు తిప్పేవాడు. ఆయన పోయాక యజమాని నాకు ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపే పని ఇచ్చాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. గోడ మీద పోస్టరు మారినప్పుడల్లా అదేం సినిమా అని ఎవరో ఒకరిని అడగడం సిగ్గనిపించి, నలభై దాటాక వయోజన విద్య బడికి పోయి నేర్చుకున్నాను. పోస్టరంతా మొదటిసారి చదవగలిగిన రోజు హాలు ముందర నిలబడి గట్టిగా చదివాను. బుకింగ్ కిటికీలో కూర్చునే ఆయన తల బయటపెట్టి, "ఇగ రిచ్చా మీద మైకు ఎందుకు మనకు, నువ్వే తిరుగు బజార్ల" అన్నాడు.

అయితే ఆ గేటు పనిలో ఒక తిరకాసు ఉంది. సినిమా మొదలైనా, ఆలస్యంగా పిల్లల్ని ఈడ్చుకుంటూ వచ్చే ఆడవాళ్ల కోసం గేటు విడవరాదు. నేను లోపలికి పోయి గోడకు ఆనుకునేసరికి హీరో పెరిగి పెద్దవాడైపోయి ఉండేవాడు. చివరి రీలు నడుస్తుండగానే మళ్లీ వచ్చి తలుపుల గడియలు తియ్యాలి. ఆఖరున ఏమైందో బయటికి వచ్చేవాళ్ల మొహాలు చూసి ఊహించుకునేదాన్ని. కళ్లు తుడుచుకుంటూ వస్తే ఎవరో చచ్చారని, పిల్లల్ని కసురుకుంటూ వస్తే అందరూ బతికారని. అట్లా ఏళ్లకేళ్లు చూశాను. నా మట్టుకు సినిమా అంటే మధ్యలో ఉండేదే.

ఆ సంగతి పుస్తకాలు కొన్నాకే నాకు ఎరుకైంది. కోఠి దగ్గర ఫుట్‌పాత్ మీద రెండు దొరికాయి. ఒకటి పల్చటిది, అట్ట మీద కెమెరా బొమ్మ. రెండోది లావుది, ఎక్కడిదో తెలుగు చేసింది. అందులో ఉదాహరణలన్నీ మంచు పడే ఊళ్లవి. ఎవరో ఒకాయన గొడుగు మరిచిపోతాడు, ఎవరో ఒకామె రైలు తప్పిపోతుంది, దాంతో వాళ్ల జీవితాలు మారిపోతాయి. మా ఊళ్లో అన్ని లారీలొచ్చినా ఆ పుస్తకంలో గొడుగుకు ఉన్న విలువ మా లారీలకు లేనట్టనిపించింది. అయినా చదివాను. ఒత్తులు కూడబలుక్కుంటూ, వేలు పెట్టి, పైకి చదివాను. లోపల చదువుకోవడం నాకు ఇప్పటికీ సరిగా రాదు.

ఒక పేజీ రాస్తే తెర మీద ఒక నిమిషం నడుస్తుందని ఉంది. నా అక్షరాలు ఒక్కోటి చింతగింజంత. ఆ లెక్కన మా బావ ఇంట్లోంచి బావి దాకా పోయేసరికే ఇంటర్వెల్ అవుతుంది.

మనసులో అనుకున్నది రాయొద్దు, కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ మాత్రమే రాయి అని ఇంకో పాఠం. ఇది నాకు నచ్చింది. మా అక్క మనసులో ఏముందో నాకేం తెలుసు? ఆమె చేతులు తెలుసు, నడక తెలుసు.

ఒక్కో సీనును ఒక్కో అట్టముక్క మీద రాసి, నేల మీద పరిచి, అటూ ఇటూ మార్చి చూసుకొమ్మని ఉంది. అట్టలు కొనడమెందుకని ఇంట్లో ఉన్న పాత పెళ్లి పత్రికలన్నీ తీశాను. ఎవరెవరి పెళ్లిళ్లవో, మూలలకు పసుపు అంటినవి. వాటి వెనక రాశాను. పగలు, బయట, మిల్ట్రీవాళ్లు బావను లారీ ఎక్కిస్తున్నారు. అది మొదటి పత్రిక. చాపంత జాగాలో అన్నీ పరిచి, నిలబడి చూశాను. ఎంత చూసినా ఏదో వెలితి. పుస్తకం తిరగేస్తే తెలిసింది. లారీ ఎక్కుతున్న మనిషి ఎవరో, ఎవరి మొగుడో, ఎందుకు ఎక్కుతున్నాడో చూసేవాడికి తెలియదు. నేను హాల్లోకి ఎప్పుడు పోయేదాన్నో సరిగ్గా అక్కడి నుంచే రాశాను.

సరే, మొదలు వెతుకుదామనుకున్నాను. అప్పుడు పట్టుకుంది అసలు కష్టం. మిల్ట్రీకి దండలేసిన రోజు నుంచి మొదలుపెడితే మిల్ట్రీవాళ్లు మంచివాళ్లుగా కనబడుతున్నారు. జెండా కింద పెళ్లి నుంచి మొదలుపెడితే బావ కథ అవుతోంది, అక్క అందులో దండ పట్టుకుని నిలబడ్డ మనిషి. అక్క గడీలో ఉన్నప్పటి నుంచి మొదలుపెడితే, మళ్లీ గడీకే పోయింది కదా అని చూసేవాళ్లు వేలు చూపించేటట్టుంది. పత్రికలు మార్చీ మార్చీ నడుం పట్టేసింది.

ఈ కష్టమంతా విలన్ లేకపోవడం వల్లే అనుకున్నాను. పుస్తకం కూడా అదే అంది. విలన్ దూరంగా ఉండకూడదట, హీరో పక్కనే తిరగాలట, వాడికేదో ఆశ ఉండాలట. ఊళ్లో నాకు గుర్తున్న మగవాళ్లందరినీ వరసగా తలుచుకున్నాను. మా ఊరి నీరటికాడు గుర్తొచ్చాడు. చెరువు తూము తీసి ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు పారించాలో చూసేవాడు. నోటి దురుసు మనిషి. పని మీద గడీకి పోతూ వస్తూ ఉండేవాడు. చచ్చి చాలా కాలమైంది. ఇంకేం కావాలి? ఒక పత్రిక వెనక రాశాను. పగలు, లోపల, గడీ. నీరటికాడు వంగి వంగి దండం పెడుతూ మిల్ట్రీ ఆఫీసరుకు బావ జాడ చెబుతున్నాడు. మాటలు కూడా రాశాను. ఆ సీను పెట్టేసరికి ముందూ వెనకా పత్రికలన్నీ వాటంతట అవే వరసలో కూర్చున్నాయి. ఆరోజు చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.

ఇక అక్కకు వినిపిద్దామని సంచీలో పెట్టుకుని బయల్దేరాను. రామన్నపేటలో బస్సు దిగితే మా ఊరికి ఆటో ఎక్కాలి. ఆటో నడిపేది నీరటికాడి మనవడే. నడీడు మనిషి, మంచివాడు. అక్కకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయేదీ అతనే. ఊళ్లో మా ఇంటి గడప తొక్కేవాళ్లలో అతనొకడు. నన్ను చూడగానే సంచీ అందుకున్నాడు.

"ఏం చిన్నవ్వా, సంచి బరువున్నది? పెద్దవ్వకు మిఠాయి తెచ్చినవా?"

"కాయితాలు. సినిమా రాస్తున్న."

"అబ్బో! మరి నాకేమన్న ఏషం ఉన్నదా? ఆటో డ్రైవరన్న పెట్టు."

"గప్పుడు ఆటోలెక్కడివిరా?"

"గట్లయితే మా తాత ఏషం ఇయ్యి. నేను గాయిన లెక్కనే ఉంటనంట, మా నాయిన అంటడు."

సంచీ అతని కాళ్ల దగ్గర ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా అది పడిపోకుండా మోకాలితో ఆపుతున్నాడు. సినిమాలో ఈ తాతను చూసిన రోజు ఈ మనిషి ఊళ్లో ఎట్లా తిరుగుతాడు అని మొదటిసారి అనిపించింది. అనిపించినా, మా అక్క తిరగలేదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అక్క ఇంట్లో కూర్చుని రాయితో కొట్టి చింతపండు గింజ తీస్తోంది. సినిమా సంగతి చెబితే నవ్వింది. చదువుతానంటే మాత్రం లేచి పోయి తలుపు వేసి వచ్చింది.

"మెల్లగ సదువు. బజాట్లకు ఇనబడొద్దు."

చదివాను. పెళ్లి దగ్గర బెల్లం సంగతి వచ్చినప్పుడు, "బెల్లమొక్కటే కాదు, పుట్నాలు గూడ పంచిండ్రు" అంది. నీరటికాడి సీను వచ్చింది. సగం చదివానో లేదో ఆమె చేతిలోని రాయి ఆగింది.

"గాయిన జెప్పలే" అంది.

"నీకెట్ల ఎరుక?"

"గాయినకు ఎరుకనే లేదు, ఏం జెప్తడు? మీ బావ ఏడ దాసుకున్నడో నాకు ఒక్కదానికే ఎరుక."

ఇన్నేళ్లు ఊరు అన్న మాట నిజమేనా అని భయం పుట్టింది. నా మొహం చూసి ఆమెకు అర్థమైనట్టుంది.

"నేనూ జెప్పలే. కొట్టంల గింజల పాతర ఉండె. దాంట్ల దిగి మీద బండ మూసుకున్నడు. జరమొచ్చి అడివిల ఉండలేక వొచ్చిండు. తెల్లారంగ మిల్ట్రోళ్లు ఎప్పటి లెక్కనే ఊరు సుట్టుకున్నరు. నన్ను గడీకి పిలిపిచ్చిండ్రు, వాళ్లకు అన్నం వండవెట్టుమని. పోకపోతె ఇల్లు సోదా జేస్తరని పోయిన."

"తర్వాత?"

"ఊళ్ల మొగోళ్లనందర్ని కల్లంల కూసోవెట్టిండ్రు. గడీ మిద్దె మీదికెల్లి అంతా కనబడుతాంది నాకు. ఎండల కూసోవెట్టి తుపాకి మడిమెలతోని కొట్టుడు. ఏడున్నడో చెప్పుండ్రి అని. ఎవలు జెప్తరు, ఎవలకు ఎరుక? పొద్దు నడినెత్తికొచ్చింది. గప్పుడు ఒకడు తెలుగు వొచ్చినోడు లేసి అన్నడు. మీకు ఎరుక లేకుంటె లేదు, మీరే పిలువుండ్రి. వాడు రాకపోతె అందర్ని లారీ ఎక్కిస్తం అని."

ఆమె మళ్లీ చింతపండు తీసుకుంది. తీసుకుని, దాన్ని ఏమీ చెయ్యకుండా చేతిలో పెట్టుకుంది.

"పిలిసిండ్రా?"

"ఒకడు పిలిసిండు. ఎన్కనే ఇంకొకడు. ఇగ అందరు. ఏ దిక్కుకు పిలవాలెనో తెల్వక ఒకడు ఇటు తిరిగి, ఒకడు అటు తిరిగి. ఓ అన్నా, రా అన్నా, సస్తున్నం రా అని. ఊరు ఊరంత పిలిసింది పిల్లా. నేను మిద్దె మీద నిలబడి ఇంటున్న. రాకు, రాకు అని లోపల్లోపల అనుకుంటున్న. ఆయిన బండ లేపుకొని వొచ్చిండు. నడుసుకుంట కల్లంలకు వొచ్చిండు. ఎవలు పట్టియ్యలే."

చదువుతున్న పత్రిక కింద పెట్టి అడిగాను.

"బాపు గూడ ఉన్నడా కల్లంల?"

"ఉన్నడు."

"పిలిసిండా?"

అక్క నా వైపు చూడలేదు. "బాపును ముందుకు గుంజుకొచ్చిండ్రు, మామవు గదా నువ్వు, నువ్వు పిలిస్తె వస్తడు అని. కొట్టిండ్రు. పిలిసిండు."

అప్పుడు నాకు కోపం వచ్చింది. మిల్ట్రీ మీద కాదు, దొర మీద కూడా కాదు, వాళ్ల మీద కోపం పాతదే. బాపు మీద వచ్చింది, ఊరి మీద వచ్చింది. పిలిచినవాళ్లు సాయంత్రం ఇళ్లకు పోయి, గడీలోంచి వస్తున్న ఈమెను చూసి, మొత్తం తీసుకుపోయి ఈమె నెత్తిన పెట్టారు. బాపు బతికి ఉన్నన్నాళ్లూ ఆ మాట విన్నాడు, కాదనలేదు.

"నువ్వెందుకు జెప్పలేదె ఎవలకు? ఇన్నేండ్లు మిల్ట్రీ మిల్ట్రీ అని పిలిపిచ్చుకున్నవు!"

"ఏమని జెప్పాలె? బావికాడికి పోయి, మీ మొగోళ్లు పిలిస్తె నా మొగుడు వొచ్చిండు అనాల్నా? గా మొగోళ్లు నెలలపాటు మంచంల నుంచి లేవలే. ఒకనికి చెయ్యి పడిపోయింది. బాపు నా మొకం సూడక సచ్చిపోయిండు. వాళ్లు దాన్ని ఎక్కడ్నో ఒకచోట దించుకోవాలె గదా. నా మీద దించుకున్నరు."

"నీకు కోపం రాదా?"

"వొస్తది. మేకల మీద ఒర్రుత."

ఆటోలో తిరిగి పోతుంటే నీరటికాడి మనవడు ఏవో కబుర్లు చెప్పాడు. ఒక్కటీ వినలేదు. భువనగిరి చేరగానే అతని తాత సీను రాసిన పెళ్లి పత్రిక పొయ్యిలో పెట్టాను. అది లేకపోయేసరికి మిగిలినవన్నీ మళ్లీ చెల్లాచెదరయ్యాయి. ఏం చెయ్యను? అక్క చెప్పింది చెప్పినట్టు రాశాను. పగలు, బయట, కల్లం. ఊళ్లో మగవాళ్లందరూ తలోదిక్కు తిరిగి పిలుస్తున్నారు. మిద్దె మీద ఒక ఆడమనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె అనుకున్న "రాకు" అనే మాట రాయలేదు. అది ఎవరికీ వినబడలేదు కదా.

మొదలు ఎక్కడన్నది కూడా అప్పుడే తేలింది. మిద్దె నుంచి మొదలుపెట్టాను. అక్క అన్నం గంజి వార్చి మిద్దె ఎక్కుతుంది, కింద కల్లం కనబడుతుంది. అక్కడి నుంచి వెనక్కిపోయి తక్కినవన్నీ. పుస్తకం ఇట్లా చెయ్యొచ్చనీ అనలేదు, చెయ్యొద్దనీ అనలేదు.

హాలు యజమాని కొడుక్కు తెలిసిన ఒకాయన హైదరాబాదులో సినిమాలకు కథలు చూసేవాడు. ఆయన దగ్గరికి పోయాను. మర్యాదస్తుడు, చాయ్ తెప్పించాడు. నా చింతగింజలు ఓపికగా అన్నీ చదివాడు.

"అమ్మా, చాలా బాగుంది. కానీ విలన్ ఎవరు?"

"లేడు బాబూ. మిల్ట్రీవాళ్లు కొట్టిండ్రు, ఊరోళ్లు పిలిసిండ్రు."

"ఊరంతా విలన్ అయితే చూసేవాళ్లు ఎవరి పక్కన నిలబడతారు?" కాసేపు ఆలోచించి బల్ల మీద చెయ్యి కొట్టాడు. "ఒక పని చేద్దాం. ఆ భార్యే పట్టించిందని పెడదాం. ఆఖరు దాకా దాచి చెబుదాం. హాల్లో ఒక్కడు కుర్చీలో కూర్చోడు."

"గది ఊళ్ల అందరు కూసోనే జెప్తున్నరు బాబూ, యాభై ఏండ్ల సంది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. చాయ్ తాగేసి, కాగితాలు సంచీలో పెట్టుకుని లేచాను. ఆయన మీద కోపమేం లేదు. నా దగ్గరున్న పుస్తకాలే ఆయన దగ్గరా ఉండి ఉంటాయి.

సినిమా తీసేవాళ్లు లేరని తెలిసిపోయింది. అయినా మళ్లీ ఊరికి పోయాను, రాసింది అక్కకు వినిపించాలని. నేను లోపలికి పోయి తలుపు దగ్గరికి వేయబోయాను.

"తలుపు వెయ్యకు" అంది అక్క. చాప తీసుకుని బయటికి నడిచింది. వీధి అరుగు మీద పరిచింది. "ఈడ కూసో."

"బజార్ల? అందరు ఇంటరు."

"నా పేరు బజార్లనే పోయింది గద. ఈడ్నే సదువు. జర గట్టిగ సదువు, నాకు చెవులు సరిగ ఇనబడతలేవు."

ఆమె చెవులకు ఏ రోగమూ లేదు. పొద్దున పూట. నీళ్ల బిందెలతో ఆడవాళ్లు పోతున్నారు, వస్తున్నారు. నన్ను దింపి ఆటో తుడుచుకుంటున్న నీరటికాడి మనవడు గుడ్డ భుజాన వేసుకుని వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. అక్క అతన్ని పొమ్మనలేదు. నేను మిద్దె దగ్గర్నుంచి అందుకున్నాను. కల్లం సీను వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్లు బిందెలు దించారు. ఒక ముసలాయన కర్ర ఆనించుకుని నిలబడ్డాడు, కాసేపటికి ఏమనుకున్నాడో వెళ్లిపోయాడు. పిలుపుల దగ్గర ఆటో మనిషి తలెత్తాడు.

"పెద్దవ్వా, మా తాత ఉన్నడా గా కల్లంల?"

"ఉన్నడు బిడ్డా."

"పిలిసిండా?"

"అందరు పిలిసిండ్రు" అంది అక్క.

అతను తల వంచుకుని గుడ్డను మడతపెట్టడం మొదలుపెట్టాడు. మడిచిందాన్ని మళ్లీ విప్పాడు. బిందెలు దించినవాళ్లలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వడానికి కాదు. వాళ్లు నమ్మారో లేదో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు.

నేను బాపు దగ్గరికి వచ్చాను. బాపును ముందుకు లాగుతారు, ఆయన గొంతెత్తి గట్టిగా అల్లుణ్ని పిలుస్తాడు. ఇంట్లో కోపం మీద రాసిన సీను అది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"గట్ల లేదు. గట్టిగ పిలవలే. బాపు గొంతు ఎల్లలే. బిడ్డా అన్నడు గంతే. మిద్దె మీదికి ఇనబడలే, నోరు కదిలింది నాకు కనబడ్డది. గది మార్చు."

అరుగు మీదే కూర్చుని, ముందు రాసింది కొట్టేసి, మార్చాను.